ఓపీ చీటీ ఉంది, పోయే దారేది?

ఎడిటర్ గారికి,

నేను కోసిగి మండలంలో ఆటో నడుపుతాను. ప్రాణం మీదికొస్తే మా ఊరికి 108 వస్తుంది. కాన్పయిన తల్లిని, బిడ్డను తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఇంటి దగ్గర దించిపోతుంది. బీపీ, షుగర్ మాత్రలకు 104 బండి ఉంది. గుండె డాక్టరుకో, నరాల డాక్టరుకో ఓపీలో చూపించుకోవాల్సిన వాళ్లకు మాత్రం ఏ బండీ లేదు. ఎమ్మిగనూరు చేరి, బస్సు మారి, ఇంకో 60 కిలోమీటర్లకు పైగా పోతే గానీ కర్నూలు రాదు.

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. మాకు గిరాకీ తగ్గిన మాట నిజమే అయినా, అది మంచి పని. కానీ ఊరి నుంచి రోడ్డు దాకా, కర్నూలు బస్టాండు నుంచి ఆసుపత్రి దాకా ఆటో ఖర్చు పేషెంటుదే. తోడొచ్చే మగమనిషికి టికెట్టూ తప్పదు, ఆ రోజు కూలీ పోతుంది.

అసలు తోడు దొరకడమే కష్టం. సుగ్గి మొదలైతే వీధులకు వీధులే ఖాళీ. మిరపకాయలు కోయడానికి అందరూ గుంటూరు వైపు పోతారు, ముసలోళ్లే మిగులుతారు. మా వీధిలో ఒక పెద్దమ్మకు పక్షవాతం. కూతురు సుగ్గికి పోయింది. చీటీలో రాసిన తేదీకి తీసుకుపోయేవాళ్లు లేరు, మాత్రలు అయిపోయాయి. చివరికి నేనే కర్నూలులో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు బాగానే చూశారు, స్కానింగ్ రాశారు. తీరా అది అయ్యాక రిపోర్టుకు రెండు రోజులాగి రమ్మన్నారు. బస్సు మెట్లు ఎక్కలేక ఏడ్చిన మనిషి, ఇక రానని చెప్పేసింది. ఆమెను ఎలా తప్పుపట్టేది?

ఓపీ చీటీ మీద ఊరి పేరు ఎలాగూ ఉంటుంది. అది చూసి దూరపు మండలాల వాళ్లకు పరీక్షలు ముందు చేసి, వీలైనంత వరకు అదే రోజు రిపోర్టు చూడాలి. కుదరకపోతే మా పీహెచ్‌సీ డాక్టరుకు ఫోన్లో పంపినా చాలు. మళ్లీ రమ్మనే తేదీ ఒక మండలం వాళ్లందరికీ ఒకే రోజు ఇస్తే, పీహెచ్‌సీ నుంచి ఒక్క మినీ బస్సులో అందరూ పోయి రావచ్చు. ఇంటి నుంచి పీహెచ్‌సీ దాకా ఆటోవాళ్లం తెస్తాం. ఆశా కార్యకర్త ముందురోజు చెప్పి, డీజిల్ ఖర్చు ప్రభుత్వం ఇస్తే చాలు. మా స్టాండులో కొందరితో మాట్లాడే ఈ మాట రాస్తున్నాను.

కలెక్టర్ గారు, జిల్లా వైద్యాధికారులు సుగ్గి మొదలయ్యేలోపే దీని గురించి ఆలోచించాలని వేడుకుంటున్నాను.

— ఒక ఆటో డ్రైవర్, కోసిగి మండలం, కర్నూలు జిల్లా