బెయిల్ వచ్చినా బయటికి రానోళ్ల లెక్క

నల్లగొండ

అరేయ్ యాదగిరీ,

ఎట్లున్నవ్ రా? చెల్లె, పిల్లలు మంచిగున్నరా? మొన్న ఫోన్ల నువ్వు మీ టెక్సాస్‌ల జైళ్ల భారం ఎట్ల తగ్గించిండ్రో చెప్పినకాన్నుంచి నా మనసు దాని మీదనే ఉంది. మాట సగంల తెగింది గదా, అందుకే కూసొని రాస్తున్న.

2007ల మీ దిక్కు ఏమైందో ఇంకింత చదివిన. ఇట్లనే నడిస్తే అయిదేండ్లల్ల ఇంకో 17 వేల మందికి జైళ్లు కావాలని అంచనా వచ్చిందట. అక్కడి చట్టసభల రెండు ఎదురెదురు పార్టీలోళ్లు, రిపబ్లికన్ మాడెన్, డెమోక్రాట్ విట్మైర్ ఒక్కటై, లోపలికి ఎవరొస్తున్నరు, ఎందుకొస్తున్నరని ముందు లెక్కలు చూసిండ్రు. ఆ తర్వాత మత్తు మాన్పించే చికిత్సకు, ప్రొబేషన్‌కు (జైల్ల పెట్టకుండ బయటనే నిఘాల ఉంచుడు) 24 కోట్ల డాలర్ల దాకా పెట్టిండ్రు. 2011ల షుగర్‌ల్యాండ్ జైలు మూసిండ్రు గూడ.

మన దేశంల జైళ్లల్ల ఉన్నోళ్లు నలుగురైతే అండ్ల ముగ్గురు విచారణ ఖైదీలే, అంటే కేసు ఇంకా తేలనోళ్లే. కోర్టుల మేం రోజూ చూసేది చెప్త. దేవరకొండ దిక్కు పిలగాడొకడు బోరు మోటరు వైరు దొంగతనం కేసుల లోపలికి పోతడు. బెయిల్ వస్తది. కానీ ఇద్దరు జమానత్ ఉండాలె, అంటే వాడు పేషీకొస్తడని పూచీ పడేటోళ్లు, ఇంటి పన్ను రసీదో పట్టా పాసుబుక్కో చూపియ్యాలె. తండ్రి హైదరాబాదుల అడ్డా కూలి, ఇంటి జాగ ఇంకా తాత పేరు మీదనే ఉంటది. ఊరోళ్లు జమానత్ ఇయ్యాలంటే కూలి ఇడిచి రావాలె, రేపు వాడు పేషీకి రాకుంటే మన మెడకు సుట్టుకుంటదని భయం. తల్లి వరండల నిలబడి "బెయిల్ ఇచ్చిండ్రు గదా సార్, మరి నా కొడుకేడి?" అని అడుగుతది. వకాలత్ చేసేటోడిగా ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు రా.

చట్టాలు లేక కాదు. 2024 జులై 1 నుంచి అమలైన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 479 సెక్షన్ల, మొదటిసారి కేసుల చిక్కినోడు గరిష్ఠ శిక్షల మూడో వంతు లోపల గడిపితే బాండ్ మీద విడువాలె. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేండ్లు, అంటే ఏడాది లోపలుంటే విడువాలె. అర్జీ పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే. పేద ఖైదీల జమానత్‌కు పైసలిచ్చే కేంద్రం స్కీము 2023ల వచ్చింది. కొత్త శిక్షల చట్టంల మొదటిసారి, 5 వేల లోపు దొంగతనం, సొమ్ము తిరిగిచ్చిండంటే సమాజ సేవే శిక్ష. ఏం సేవ, ఎవరు చూసుకోవాలె? అది చట్టంల రాయలే.

గందుకే అంటున్న, మన అసెంబ్లీ చట్టం చేసి, జైళ్ల, బెయిళ్ల లెక్కలు తీసి ఏం మార్చాల్నో చెప్పే ఒక కమిషన్ పెట్టాలె. రాజ్యాంగంల జైళ్లు, పోలీసు రాష్ట్రాల జాబితాలనే ఉన్నయి, క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాల ఉంది. మన చేతిల లేదనే మాట చెల్లది. జీవో మీద ఏసిన కమిటీనైతే రేపొచ్చే సర్కారు పక్కకు పెడ్తది. జైళ్ల మీద ముల్లా కమిటీ 1983ల, క్రిమినల్ న్యాయం మీద మలిమఠ్ కమిటీ 2003ల పెద్ద పెద్ద రిపోర్టులు ఇచ్చినయ్. వాటికి ఫలానా తారీకు లోపల జవాబియ్యాలని సర్కారును కట్టేసే చట్టం లేకుండె. మన కమిషన్ రిపోర్టు సభ ముందర పెట్టాలె, ఆరు నెలలల్ల సర్కారు ఒక్కొక్క సిఫారసుకు ఔననో కాదనో కారణంతోటి చెప్పాలె. ఆ గడువు చట్టంలనే రాయాలె.

ఆ కమిషన్ తీయాల్సిన మొట్టమొదటి లెక్క ఏందంటే: బెయిల్ ఆర్డర్ తారీకు, గేటు దాటిన తారీకు. నడుమ ఎన్ని రోజులు, దేనికి ఆగింది? జిల్లా జిల్లాకు తీయాలె. అచ్చంపేటోడికి ఒక తీరు, మిర్యాలగూడోడికి ఒక తీరు ఉంటదా లేదా అప్పుడే తెలుస్తది. జైల్ల ఉండి వచ్చినోళ్లను గూడ కమిషన్ల సభ్యులుగ తీసుకోవాలె, ఈ మాట మీద మా బార్ (వకీళ్ల సంఘం)ల కొందరికి నాకు పడతలేదు, నేనైతే ఇడువను.

ఈ చట్టం ముసాయిదా రాస్తున్నం, అసెంబ్లీ సమావేశాలకు ముందే ఎమ్మెల్యేకు ఇస్తం. పోలీసు, జైలు, కోర్టు లెక్కలను ఒక్క దగ్గర చేర్చనీకె మీ టెక్సాస్ చట్టంల ఏం భాష వాడిండ్రో ఎతికి పంపు. అక్కడ ప్రొబేషన్ల పనిచేసేటోళ్లు ఎవరన్న తెలిస్తే, ఒక్కొక్కరి మీద ఎన్ని కేసులుంటయో గూడ అడిగి రాయి.

నీ
నర్సింహ