దేవదూతలంటే బూరెబుగ్గల పసివాళ్లేనా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో దేవదూతల వ్యాసానికి బూరెబుగ్గల పసివాళ్ల బొమ్మ వేశారు. చిత్రలేఖనం నేర్పేదాన్ని, మనసు ఊరుకోలేదు. 1512 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు రాఫెల్ గీసిన 'సిస్టీన్ మడోన్నా' చిత్రం అడుగు అంచున మోచేతులు ఆనించుకున్న పిల్లలు వాళ్లు. ముచ్చటైన బొమ్మే, కాదనను. కానీ బైబిల్లోని యెషయా గ్రంథంలో సెరాపులనే దూతలకు ఆరేసి రెక్కలు! రెంటితో ముఖం, రెంటితో కాళ్లు కప్పుకుని, మిగిలిన రెంటితో ఎగురుతారు. రోములోని ప్రిస్కిల్లా భూగర్భ సమాధుల్లోని ఒక చిత్రంలో, యేసు తల్లి మరియకు శుభవార్త చెబుతున్నాడని భావించే దూతకైతే రెక్కలే లేవు. చేయి చాచి నిలబడ్డ మామూలు మనిషి. క్రైస్తవ చిత్రకళలో దూతలకు రెక్కలు మొలిచింది నాలుగో శతాబ్దం చివర్లోనే.

బైబిల్లో దూత నోట తరచూ వచ్చే మాట "భయపడకుము" ఎందుకయిందో ఈ పసివాళ్లను చూస్తే పిల్లలకు ఎలా తెలుస్తుంది? ఈసారి ఆ సమాధుల్లోని చిత్రాన్ని అచ్చువేయండి.

— ఒక చిత్రలేఖన ఉపాధ్యాయిని