షాకప్ కారితే సీలొక్కటే మార్చి పంపేయకండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మాది కొత్తపేట పక్క పల్లెటూరండి. రావులపాలెం మార్కెట్‌కి అరటి గెలలు బండి మీదే తోల్తాను, వెనకాల గెలలు, ముందు ట్యాంకు మీద ఇంకో గోతాం, పదకొండేళ్ళుగా అదే బండి. పోయిన వానాకాలంలో ముందు షాకప్ ఆయిల్ కారితే, ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలు మార్పించాను, నాలుగు నెలలకి మళ్ళీ కారితే మళ్ళీ మార్పించాను, మూడోసారి ఎళ్తే మెకానిక్ "మీరు లోడెక్కువేస్తారండి" అని నామీదకే తోసేశాడు. లోడు ఏస్తాను నిజమే, మరి గెలలు నెత్తిమీద పెట్టుకుని ఎళ్ళాలా?

ఆ వారమే కాలవ గట్టు మీద గేదె అడ్డొచ్చి బ్రేకు కొడితే బండి ముందుకి దిగిపోయి టంగుమని మోగి హ్యాండిల్ కాలవ వైపు లాగేసింది. గట్టుకి రెయిలింగ్ లేదు. ఇంట్లో చెప్పలేదండి ఇప్పటికీ.

అమలాపురంలో మెకానిక్ పని చేసే మా బావ దగ్గరకి తీసుకెళ్ళాను. "సీలుదేం తప్పు లేదు బావా, స్ప్రింగులు చచ్చిపోయినయ్" అన్నాడు. కొత్త స్ప్రింగు పక్కన పాతది నిలబెడితే బొటనేలు మందం పొట్టి! ఆయిల్ వంపి కొలిస్తే ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువుంది. స్ప్రింగు మెత్తబడితే కొత్తది ఎయ్యకుండా ఆయిల్ ఎక్కువ పోసి గట్టిగా ఉన్నట్టు చేస్తారంట కొందరు. షాకప్ పైపులో ఆయిల్ పైన కొంచెం గాలి ఉండాలి, గాలి నలుగుద్ది గానీ ఆయిల్ నలగదు కదండీ, గాలికి చోటు తగ్గిపోతే పెద్ద గోతిలో పడ్డప్పుడు ఆ ప్రెజరంతా సీలు మీదకే పోద్ది. అంటే నా రెండు సీళ్ళూ ఎందుకు పోయాయో అప్పుడు ఎలిగింది.

ముందు చక్రం గాల్లోకి లేపి, పై క్యాప్ విప్పేటప్పుడు మొహం పక్కకి పెట్టమన్నాడు, లోపల స్ప్రింగు నొక్కి ఉంటది కాబట్టి ఆఖరి మరకి క్యాప్ ఎగిరొచ్చి పళ్ళు రాల్తాయంట. ముందు చక్రానికి రెండు పక్కలా ఉన్న షాకప్‌లకి జతగా స్ప్రింగులేసి, బండి పుస్తకంలో ఉన్న కొలతకి కొత్త ఆయిల్ పోశాడు. కొన్ని స్ప్రింగులకి ఒక చివర చుట్లు దగ్గరగా ఉంటాయి, ఆ చివర పైకా కిందకా అన్నది బండిని బట్టి ఉంటది, అదీ పుస్తకం చూసే ఎయ్యాలంట. అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్ళకి ఇంకో బాధ, ఉప్పు గాలికి లోపలి పైపు మీద తుప్పు చుక్కలు పడి సీలుని కోసేస్తాయి, వాళ్ళు ముందు పైపు చూపించుకోవాలి.

మీ పేపర్లో బళ్ళ గురించి రాస్తే కొత్త మోడలు, మైలేజీ తప్ప ఇంకోటి ఉండదు. ఒక్కసారి ఇదీ ఎయ్యండి. మెకానిక్ అన్నయ్యలకి కూడా ఒక మనవి, షాకప్ విప్పినప్పుడు స్ప్రింగు తీసి కొలవండి, ఒకటే మార్చకుండా జతగా మార్చండి, పాతవి మా చేతికివ్వండి. నావి ఇప్పుడు మా పాకలో చూరుకి ఏలాడుతున్నాయి, ఎవరైనా నమ్మకపోతే చూపిద్దామని.

ఇట్లు,
ఓ అరటి రైతు, కొత్తపేట మండలం