ఫిర్యాదు: పాడ్‌కాస్ట్ కిట్‌లో మైకు మంచిదే, కేబులే తప్పు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: హోమ్ పాడ్‌కాస్ట్ కిట్‌లో సరిపడని కేబుల్, మాన్యువల్‌లో అసంపూర్ణ సూచనలు.

అయ్యా,

మీ సొంత వెబ్‌సైట్‌లో కొన్న ఈ కిట్‌లో వచ్చినవి నాలుగు: కండెన్సర్ మైకు (బయటి నుంచి కరెంటు అందితేనే పలికే రకం), రెండు ఇన్‌పుట్‌ల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), హెడ్‌ఫోన్, మైకు కేబుల్. మొదటి మూడింటి మీద నాకే ఫిర్యాదూ లేదు. నాలుగోదాని వల్ల మైకు, ఇంటర్‌ఫేస్ రెండూ ఉండీ లేనట్టే అయ్యాయి.

ఆ కేబుల్‌కి ఒక చివర మైకుకి తగిలించే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్, రెండో చివర గిటార్‌కి వాడే 6.35 మి.మీ. మోనో జాక్. ఇంటర్‌ఫేస్‌కి ఉన్నది కాంబో సాకెట్. చుట్టూ మూడు ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రాలు, నడుమ జాక్ రంధ్రం. కండెన్సర్ మైకుకి కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్ గుండానే మైకుకి వెళ్లే కరెంటు) ఆ మూడు రంధ్రాలకే వస్తుంది, నడుమ దానికి రాదు. కరెంటు అందని మైకు ఎలా పలుకుతుంది? ముందు ప్యానెల్ మీద 48 వోల్టుల ఎర్ర లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ కేబుల్ మీద అనుమానం రాదు. శబ్దం పెంచే గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పుతారు. అప్పుడు వినపడేది గొంతు కాదు, బుస్సుమనే రొద.

మల్టీమీటర్‌తో చూశాను. ఇంటర్‌ఫేస్ ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రాల్లో 1కీ 2కీ మధ్య 47.6 వోల్టులు, 1కీ 3కీ మధ్య 47.5. అంటే ఇంటర్‌ఫేస్‌లో లోపం లేదు. మీటర్‌ని బీప్‌లో పెట్టి కేబుల్ పరీక్షిస్తే 2వ పిన్ను జాక్ మొనకి తగిలింది. 1, 3 పిన్నులు రెండూ జాక్ ఒంటికి తగిలి ఒకదానితో ఒకటి కలిసే ఉన్నాయి. ఫాంటమ్ సంగతి పక్కన పెట్టినా, ఇలా కలిపేస్తే బ్యాలెన్స్‌డ్ లైన్ (రెండు తీగల్లో సిగ్నల్ పంపి బయటి రొదని తగ్గించే పద్ధతి) అన్న మాటకే అర్థం లేదు. దగ్గర్లో ల్యాప్‌టాప్ ఛార్జరో ఫ్యానో ఉంటే 50 హెర్ట్జ్ గుయ్‌మనే శబ్దం కూడా తోడవుతుంది.

తర్వాత బజార్లో కొన్న 3 మీటర్ల ఎక్స్‌ఎల్‌ఆర్-ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ పెట్టాను. అదే మైకు, నోటికి అదే జానెడు దూరం, నాబ్ అక్కడే. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో, మీ కేబుల్‌తో మైనస్ 51 డెసిబెల్స్ దగ్గర ఆగిపోయిన మీటరు మైనస్ 13కి లేచింది (సున్నాకి దగ్గరయ్యేకొద్దీ శబ్దం ఎక్కువ).

మీ హెల్ప్‌లైన్‌వారు డ్రైవర్ తీసేసి మళ్లీ వేయమన్నారు, మూడుసార్లు. విండోస్‌లో మైక్రోఫోన్ వాల్యూమ్ పెంచమన్నారు. చివరికి జాక్ చివరకి ఎక్స్‌ఎల్‌ఆర్ కన్వర్టర్ తగిలించుకోమన్నారు. ఈ చివరి సలహా దయచేసి ఇంకెవరికీ చెప్పకండి. 3వ పిన్ను గ్రౌండ్‌కి కలిసిపోయి ఉంది కదా, ఆ వైపు ఇంటర్‌ఫేస్‌లో ఉండే 6.8 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా 7 మిల్లీ ఆంపియర్లు ఊరికే గ్రౌండ్‌లోకి పోతాయి, మైకుకి ఒక వైపు నుంచే కరెంటు అందుతుంది. పలికినా సరిగ్గా పలకదు.

కేబుల్ మార్చమంటే రిటర్న్‌కి ఇచ్చిన 7 రోజుల గడువు దాటిందన్నారు. ఆ ఏడింటిలో అయిదు రోజులు డ్రైవర్ తీయడానికీ వేయడానికీ సరిపోయాయి మరి.

మాన్యువల్ సంగతి. 4వ మెట్టులో స్టీరియోగా రికార్డు చేయమని రాసి వదిలేశారు. 1వ ఇన్‌పుట్‌లో ఒక్క మైకు పెట్టి స్టీరియోగా రికార్డు చేస్తే గొంతు ఎడమ చెవిలోనే వినిపిస్తుంది. ఆడాసిటీలో ట్రాక్ మెనూ తెరిచి స్టీరియోని రెండు మోనోలుగా విడగొట్టి కింది ట్రాక్ తీసేయాలన్న ఒక్క వాక్యం చాలు. అలాగే శాంపిల్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలన్నది) విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో 48,000 హెర్ట్జ్ ఎంచుకోమని ఒక పేజీలో, ఆడాసిటీ ప్రాజెక్టుని 44,100లో ఉంచమని మరో పేజీలో ఉంది. వాసపీ (విండోస్ సొంత ఆడియో పద్ధతి) మోడ్‌లో ఈ తేడా వల్లే డివైస్ తెరుచుకోక ఎర్రర్ వస్తుంది. రెండుచోట్లా 48,000 అని రాయండి.

నేను అడిగేది ఇదీ: 3 మీటర్ల ఎక్స్‌ఎల్‌ఆర్-ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ ఉచితంగా పంపండి, లేదా నేను కొన్న కేబుల్ ధర వాపసు ఇవ్వండి. కిట్ మొత్తం వెనక్కి పంపమనవద్దు, అందులో చెడిందేమీ లేదు. గోదాములో మిగిలిన పెట్టెల్లోనూ ఇదే కేబుల్ ఉంటే అవి అమ్మే ముందే మార్చండి. మాన్యువల్ సవరించండి.

వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. మొత్తానికి మన గొడవంతా 48 చుట్టూనే తిరుగుతోంది. ఆ గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేస్తాను.

ఇట్లు,
మీ కిట్ కొన్న వినియోగదారుడు

జతపరిచినవి: బిల్లు, కేబుల్ రెండు చివరల ఫోటోలు, మల్టీమీటర్ రీడింగులు, రెండు కేబుళ్లతో చేసిన 30 సెకన్ల రికార్డింగులు, హెల్ప్‌లైన్‌తో జరిగిన చాట్.