ఫార్మాట్ కొట్టే ముందు బ్యాటరీ చూడండి సార్

సంపాదకులు గారికి నమస్కారం,

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది, ఇక పాత సిస్టమ్‌లన్నీ తీసి పారేయాల్సిందే అని ఎవరిని కదిపినా అదే మాట. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో జనరేషన్ నుంచి ఉండాలి, అదీ నిజమే. కాదనట్లేదు. కానీ తెనాలిలో డీటీపీ షాపు పెట్టుకుని పక్కన రిపేర్లు కూడా చూసుకునేవాడిని, నా దగ్గరికి పోయింది అని మోసుకొచ్చే పాత డెస్క్‌టాప్‌లలో నిజంగా పోయినవి తక్కువ, సరిగ్గా చూడకుండా ఫార్మాట్ కొట్టించుకుని డేటా పోగొట్టుకున్నవే ఎక్కువ, అందుకే ఈ ఉత్తరం.

మొన్నామధ్య ఒక స్కూల్ నుంచి ఫోన్, ల్యాబ్‌లో నెట్ రావట్లేదు, సిస్టమ్‌లు పాతబడ్డాయి, పది కొత్తవాటికి కొటేషన్ ఇవ్వండి అని. వెళ్ళి చూస్తే కేబుల్ బానే ఉంది, పింగ్ కొడితే జవాబొస్తోంది, అంటే నెట్ ఉంది, ఏ సైట్ తెరిచినా మాత్రం కనెక్షన్ ప్రైవేట్ కాదు అని ఎర్ర గుర్తు. కింద మూలన టైమ్ చూశా, 2009 జనవరి 1. అయిపోయింది రోగం దొరికింది. ప్రతి సైట్‌కీ ఇది అసలుదే అని చూపే సర్టిఫికెట్ ఉంటుంది, దానికి ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా చెల్లుతుంది అని ఉంటుంది కదా, మన గడియారం 2009లో కూర్చుంటే బ్రౌజర్ లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలా ఉంటుందే సీఆర్ 2032 బ్యాటరీ, సిస్టమ్ ఆపినా గడియారం నడిపేది అదే, దానికి పడేది ముప్పై నలభై రూపాయలు, అది మార్చి తేదీ సరిచేస్తే సైట్లన్నీ తెరుచుకున్నాయి. నెట్ ఉంటే టైమ్ అదే సరిచేసుకుంటుందిగా అని అక్కడి సార్ అడిగారు, మంచి ప్రశ్నే, కానీ తేడా 15 గంటలు దాటితే మామూలు విండోస్ దానంతటది సరిచేయదు, మనమే పెట్టాలి. కొటేషన్ మాత్రం పోయిందనుకోండి, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.

అసలు ఈ బ్యాటరీతో వచ్చే పెద్ద చిక్కు ఇంకోటుంది. అది అయిపోతే బయోస్ (విండోస్ కంటే ముందు బోర్డులో లేచే ప్రోగ్రామ్) సెట్టింగులన్నీ మొదటికొస్తాయి, చాలా పాత బోర్డుల్లో హార్డ్‌డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, అదే సాటా మోడ్, ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారిపోతుంది. అప్పుడు విండోస్ లోగో వచ్చీరాగానే నీలం తెర, కింద 0x0000007B అని. ఇది చూసి హార్డ్‌డిస్క్ పోయిందని చెప్పేస్తారు లేదా ఫార్మాట్ కొట్టేస్తారు. బయోస్‌లోకి వెళ్ళి ఆ ఒక్క సెట్టింగ్ వెనక్కి మారిస్తే ఎక్కడి ఫైళ్ళు అక్కడే ఉంటాయి! మా పక్క ఊళ్ళో పెళ్ళికార్డులు కొట్టే ఒకాయన ఇలాగే ఇంకెక్కడో ఫార్మాట్ చేయించుకుని వచ్చాడు, పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో చేసిన పదిహేనేళ్ళ ఫైళ్ళు, ఒక్కటి మిగల్లేదు. పెన్‌డ్రైవ్‌లో ఏవో కొన్ని ఉన్నాయంటే తెరిచాం, కొత్త సిస్టమ్‌లో తెలుగు డీటీపీకి వాడే అను ఫాంట్లు లేవు, ఆ ఫాంట్లు ఎక్కడైనా తెలుగుగానే కనపడే యూనికోడ్ కాదు కదా, శ్రీరస్తు శుభమస్తు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, డాలర్ గుర్తులు. ఆయన మొహం చూడలేకపోయా. ఫాంట్లు వేసి ఇచ్చా, ఉన్నవరకు దక్కాయి.

సర్వర్ల సంగతీ ఇంతే. ఒక రైస్ మిల్లులో విండోస్ సర్వర్ 2008 ఆర్2, అకౌంట్స్ ఎంట్రీ కొడితే సేవ్ అవడానికి టీ తాగి రావచ్చు. వైరస్ అన్నారు, ర్యామ్ అన్నారు. చూస్తే కొన్ని డిస్క్‌లని కలిపి నడిపే రైడ్ కార్డుకి ఉండే బ్యాటరీ చచ్చిపోయి, రాసేది ముందు తాత్కాలికంగా దాచుకునే రైట్ క్యాష్ ఆగిపోయింది, ప్రతిదీ నేరుగా డిస్క్ మీదే రాస్తోంది. మళ్ళీ బ్యాటరీయే! ఇంకోచోట రైడ్ 5లో ఒక డిస్క్ పాడై నారింజ లైటు వెలిగితే కంగారులో పక్కనున్న మంచి డిస్క్ లాగేశారు, రైడ్ 5 ఒక్క డిస్క్ పోతేనే తట్టుకుంటుంది, రెండోది పోతే ఇక బ్యాకప్పే దిక్కు, అది తీసి ఎన్నాళ్ళయిందో వాళ్ళకే గుర్తులేదు.

అలాగని పాతవాటన్నిటినీ నెట్‌కి తగిలించి కూర్చోమనట్లేదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే, విండోస్ 7కి 2020 జనవరిలోనే సపోర్ట్ ఆగింది. 2017 మేలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వానాక్రై వచ్చినప్పుడు ఆంధ్రాలో పోలీసుల కంప్యూటర్లకి కూడా తగిలింది, అది పాకింది ఎస్ఎంబీ 1 అనే పాత ఫోల్డర్ షేరింగ్ పద్ధతి గుండానే, ఆ ఏడాదే విండోస్ 10లో దాన్ని ఆపేశారు, అందుకే కొత్త సిస్టమ్ నుంచి ఎక్స్‌పీ షేర్ ఫోల్డర్ కనపడదు. చాలామంది ఎస్ఎంబీ 1 మళ్ళీ ఆన్ చేసేస్తున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు, పెన్‌డ్రైవ్‌లో మోసుకోండి. నా పేజ్‌మేకర్ సిస్టమ్‌కి నెట్ కేబులే లేదు.

మీ పేపర్లో వారం వారం కొత్త ఫోన్ల కెమెరాల గురించి అరపేజీ వస్తోంది, చదువుతాను కూడా. అందులో ఒక్క మూల పాత సిస్టమ్‌లకి ఇవ్వండి సార్, ఫార్మాట్ అనే ముందు తేదీ, బయోస్, బ్యాకప్ చూడమని రాయండి. రాసేవాళ్ళు దొరక్కపోతే నేను రాసిస్తా, అను ఫాంట్‌లో అయినా పర్లేదు అంటేనే.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్, తెనాలి