ఒక్క శాఖకి మూడు లాగిన్లు ఎందుకు?

సంపాదకులు గారికి నమస్కారం,

నేను కావలిలో చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నా, జిరాక్సులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, ఫీజులు కట్టడం ఇదే పని. మా డ్రాలో ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది, అందులో కస్టమర్ల యూజర్ ఐడీలు, పాస్‌వర్డ్లు. తప్పని నాకూ తెలుసు, కానీ వాళ్ళే "నువ్వే రాసి పెట్టుకో నాయనా, మాకేం గుర్తుంటాయి" అని చెప్పి పోతారు.

మొన్న ఒక పెద్దాయన వచ్చాడు. ఒకే శాఖ పని, రిజిస్ట్రేషన్ ఒక సైట్‌లో, ఫీజు ఇంకోదాంట్లో, స్టేటస్ మూడోదాంట్లో. పైన బొమ్మ ఒకటే, శాఖ పేరు ఒకటే, కానీ మొదటిదాంట్లో లాగిన్ అయి లింకు నొక్కితే రెండోది మళ్ళీ నువ్వెవరంటది. ఓటీపీ ఏమో చెన్నైలో ఉండే వాళ్ళబ్బాయి ఫోన్‌కి పోతుంది, ఆ పిల్లోడు డ్యూటీలో ఉండి ఫోన్ ఎత్తలా, ఎత్తేసరికి ఓటీపీ టైం అయిపోయింది, ఇంకోటి తెప్పిస్తే ఈలోపు మొదటి సైట్ సెషన్ ఎక్స్‌పైర్ అని నింపిందంతా ఊడ్చేసింది. పదింటికి వచ్చిన మనిషి రెండున్నర దాకా స్టూల్ మీదే. "ఆఫీసుకి పోయినా ఇన్నిసార్లు పేరు అడగరు కదా అబ్బయా" అన్నాడు, నాకు నోట మాట రాలా.

కుదరని పనేం కాదిది. జీమెయిల్ ఉన్న ఫోన్‌లో యూట్యూబ్ మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతుందా? వేరే వేరే పేర్లున్న సైట్లయితే ఒకదాని కుకీ, అంటే లాగిన్ అయ్యామని బ్రౌజర్‌లో దాచే గుర్తు, ఇంకోదానికి బ్రౌజర్ ఇవ్వదు, అది మన మంచికే. అందుకే లాగిన్‌కి విడిగా ఒక సైట్ పెట్టి మిగతావన్నీ దాన్నే అడిగేట్టు చేస్తారు, పాస్‌వర్డ్ ఆ ఒక్కచోటే ఉంటుంది, మిగతావాటికి ఈ మనిషి ఫలానా అని చీటీ మాత్రం పోతుంది. కేంద్రం 2022 జులైలో మేరీ పెహచాన్ అని పెట్టింది ఇదే, సర్టిఫికెట్లు దాచుకునే డిజిలాకర్ లాగిన్‌తోనే వేరే సైట్లలోకి పోవచ్చు. కాకపోతే ఆ సైట్ వాళ్ళు కలుపుకోవాలిగా.

అయితే కలిపేవాళ్ళు లాగౌట్ కూడా కలపాల. ఒకసారి ఒకామె లాగౌట్ కొట్టే పోయింది, తర్వాత వచ్చినతనికి అదే శాఖ పక్క సైట్ తెరిస్తే ఆమె పేరు, ఫోన్ నంబర్ కనపడ్డాయి, ఇక్కడ మూసినా అక్కడ సెషన్ బతికే ఉంది. అప్పట్నించి నేను ఒక్కొక్కరికీ, మూస్తే లాగిన్లు మిగలని ప్రైవేట్ విండో తెరిచి, పని కాంగానే మూసేస్తున్నా, అన్ని సెంటర్లలో అట్టా చేస్తారా? డబ్బు కట్టేచోట, పొలం కాగితాల దగ్గర మళ్ళీ ఓటీపీ అడిగితే ఎవరూ ఏమనరు. పాత ఐడీలు కలపడం మాత్రం తలనొప్పే, ఒకాయన ఇంటిపేరే మూడు సైట్లలో మూడు స్పెల్లింగుల్లో ఉంది, దానికి సచివాలయంలో ఒక మనిషిని కూర్చోబెట్టాల్సిందే.

పెద్దాయన పని ఇంకా కాలేదు. సోమవారం వాళ్ళబ్బాయికి సెలవంట, అప్పుడు రమ్మన్నా.

- ఒక నెట్ సెంటర్ యజమాని, కావలి, నెల్లూరు జిల్లా