లొకేషన్ అనుమతిలో టవర్ వివరాలూ ఉన్నాయి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో సిగ్నల్ మాట వచ్చిందంటే చాలు, ‘టవర్ వివరాలు చూపించే యాప్ వేసుకోండి’ అనే సలహా వస్తుంది. సలహా మంచిదే. చిక్కంతా ఆ తర్వాతే. యాప్ తెరవగానే లొకేషన్ అనుమతి అడుగుతుంది. ‘సిగ్నల్ చూడ్డానికి నేనెక్కడున్నానో దేనికి?’ అని కొందరు వద్దంటారు, అప్పుడు తెర ఖాళీగా ఉంటుంది. ఇంకొందరు అడిగినవన్నీ సరే కొట్టేస్తారు. అదే అలవాటుతో అప్పుల యాప్‌కీ, ఆటల యాప్‌కీ కూడా సరే కొడతారు. ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒకటే. ఆండ్రాయిడ్‌లో ‘టవర్ సమాచారం’ అనే పేరుతో విడిగా అనుమతి లేదు, అది లొకేషన్ అనే మాట కిందే ఉంది.

ఊరికే అలా పెట్టలేదు. ఒక టవర్ మీద మామూలుగా మూడు దిక్కులకు మూడు సెల్స్ (ఒక్కో దిక్కుకు సిగ్నల్ ఇచ్చే భాగాలు) ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో నంబరు. ఆ నంబరును సెల్ ఎప్పుడూ ప్రసారం చేస్తూనే ఉంటుంది. టవర్ కదలదు కాబట్టి నంబరు తెలిస్తే చోటు తెలిసినట్టే. ఓపెన్‌సెల్‌ఐడీ లాంటి బహిరంగ డేటాబేసులో ఆ నంబరు నమోదై ఉంటే మ్యాపు మీద చుక్క వచ్చేస్తుంది. బెంగళూరు లాంటి నగరంలో టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి గనక, ఆ చుక్క మీ ఇంటికి చాలాసార్లు కొన్ని వందల మీటర్లలోనే పడుతుంది. అందుకే 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి సెల్ వివరాలు చదవాలంటే ఖచ్చితమైన లొకేషన్ అనుమతి కావాలన్నారు. అంతకు ముందు ఉజ్జాయింపు అనుమతి ఉన్నా సరిపోయేది. ఇంట్లో పెద్దవాళ్లు ఆండ్రాయిడ్ 9, అంతకంటే పాత ఫోన్లు వాడుతుంటే వాటిలోని అనుమతులను ముందుగా చూడండి.

యాప్ ఏం చదువుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. తెర మీద 404-45 అని ఉంటే, 404 మన దేశం, 45 కర్ణాటక ఎయిర్‌టెల్. మన దేశానికి 405 కూడా ఉంది, కర్ణాటక జియో 405-861. అనంతపురంలోనో చిత్తూరులోనో తీసుకున్న ఎయిర్‌టెల్ సిమ్ అయితే సిమ్ దగ్గర 404-49 అనీ, నెట్‌వర్క్ దగ్గర 404-45 అనీ చూపిస్తుంది. అది లోపం కాదు, రోమింగ్. దాని కింద 4జీ సెల్ నంబరు 79883523 అని ఉందనుకోండి. 256తో భాగిస్తే భాగఫలం 312045, శేషం 3. మొదటిది బేస్ స్టేషన్ నంబరు, రెండోది దాని మీది సెల్. హాల్లో శేషం 3, పడగ్గదిలో 1 వస్తూ భాగఫలం మారలేదంటే, మీ ఇల్లు ఒకే టవర్ తాలూకు రెండు సెల్స్ కలిసేచోట ఉండొచ్చన్నమాట. పీసీఐ అని కనిపించేది వేరు, అది పక్కపక్క సెల్స్‌ని ఫోన్ విడిగా గుర్తించడానికి వాడే చిన్న నంబరు. 4జీలో అది 0 నుంచి 503 వరకే, అవే నంబర్లు నగరమంతా మళ్లీ మళ్లీ వస్తాయి, దానితో టవర్‌ని గుర్తుపట్టలేం. టైమింగ్ అడ్వాన్స్ (టవర్ ఎంత దూరమో అంచనా ఇచ్చే అంకె) కనిపిస్తే 4జీలో ఒక్కో అంకెకు సుమారు 78 మీటర్లు. 5 అంటే టవర్ నుంచి దాదాపు 390 మీటర్లు. సెల్ నంబరూ, ఈ దూరమూ కలిస్తే మీ ఇంటి అడ్రసుకు బాగా దగ్గరైనట్టే. అందుకే ఆ తెర ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టొద్దని బతిమాలి చెబుతున్నాను.

సిగ్నల్ బలాన్ని ఆర్‌ఎస్‌ఆర్‌పీ అంటారు, డీబీఎం అనే కొలతలో చూపిస్తారు. మైనస్ 85 బాగున్నట్టు, మైనస్ 100 దాటితే తగ్గుతున్నట్టు, మైనస్ 115 దాటితే కాల్ తెగినా ఆశ్చర్యం లేదు. ఈ లెక్కలో 10 తేడా వస్తే బలం పది రెట్లు మారుతుంది. కాబట్టి మైనస్ 85కీ మైనస్ 110కీ మధ్య మూడు వందల రెట్ల పైచిలుకు తేడా ఉంది. గీతలు చూసి మోసపోయేది ఎక్కువగా ఎత్తయిన అపార్టుమెంట్లలో. పన్నెండో అంతస్తు బాల్కనీలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 80 ఉండి కూడా వీడియో లోడవక చక్రం తిరుగుతూనే ఉండొచ్చు. అంత ఎత్తులో అడ్డం లేక నాలుగు దిక్కుల టవర్లూ ఒకేసారి తగులుతాయి, ఒకదాని సిగ్నల్ మీద ఇంకొకటి రొదలా పడుతుంది. అప్పుడు చూడాల్సింది ఎస్‌ఐఎన్‌ఆర్, అంటే రొదతో పోలిస్తే అసలు సిగ్నల్ ఎంత ఉందో చెప్పే అంకె. అది సున్నా కిందికి పోతే గీతలు ఎన్ని ఉన్నా పెద్దగా ఉపయోగం లేదు. ఐటీ ఆఫీసుల పూత పూసిన అద్దాల వెనక సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ ఆర్‌ఎస్‌ఆర్‌పీయే పడిపోతుంది. ఫిర్యాదు చేసేటప్పుడు ఈ రెండింటినీ విడదీసి చెప్పాలి, ఎందుకంటే మందు వేరు.

ఇంతకీ ఒక్కసారి చూసుకోవాలంటే యాప్ లేకపోయినా కుదురుతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో *#*#4636#*#* కొడితే, శాంసంగ్‌లో *#0011# కొడితే, ఐఫోన్‌లో *3001#12345#* కొట్టి కాల్ నొక్కితే ఈ అంకెల్లో చాలావరకు కనిపిస్తాయి. కొన్ని మోడళ్లలో కోడ్ మూసేసి ఉంటుంది. ఐఫోన్‌లో అయితే సెల్ నంబరు చదివే వీలు బయటి యాప్‌లకు ఇవ్వనే ఇవ్వరు, కాబట్టి అక్కడ ‘టవర్ చూపిస్తాం’ అనే యాప్‌ని నమ్మి డబ్బు కట్టొద్దు.

యాప్ వేసుకుంటే అనుమతి ఇలా ఇవ్వండి. లొకేషన్ అడిగినప్పుడు ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ లేదా ‘ఈ ఒక్కసారికి’ ఎంచుకోండి. ఆండ్రాయిడ్ 12, ఆ పై వెర్షన్లలో అదే పెట్టెలో ఖచ్చితమైనదా, ఉజ్జాయింపా అని రెండు బొమ్మలు వస్తాయి. ఇక్కడ ఖచ్చితమైనదే నొక్కాలి. ఉజ్జాయింపు నొక్కినవాళ్లే ‘అనుమతి ఇచ్చాను, అయినా ఏమీ రావడం లేదు’ అంటారు. అనుమతి ఇచ్చి, పైనుంచి లాగే మెనూలో లొకేషన్ మీట ఆపేసి ఉంచినా ఖాళీ తెరే. ‘ఎల్లవేళలా’ అనే అనుమతి సిగ్నల్ కొలవడానికి అక్కర్లేదు. ఫోన్ అనుమతి విడిగా అడుగుతుంది. నెట్‌వర్క్ రకం, రెండు సిమ్‌ల వివరాలు చూపించడానికి అది కావాలి. కాల్ లాగ్, కాంటాక్టులు, ఎస్‌ఎంఎస్‌లు అడిగే సిగ్నల్ యాప్‌ని అప్పటికప్పుడే తీసేయండి.

అనుమతి సరిగ్గా ఉన్నా అంకెలు తప్పుదారి పట్టించొచ్చు. సెల్ నంబరు దగ్గర 2147483647 కనిపిస్తే అది టవర్ కాదు, ఫోన్ ఆ విలువ ఇవ్వలేదని అర్థం. పక్క సెల్స్ వరుసలో ఇది తరచూ కనిపిస్తుంది, ఎందుకంటే వాటి పీసీఐ, ఫ్రీక్వెన్సీ నంబరు మాత్రమే ఫోన్ చదువుతుంది. యాప్ కొత్త కొలత అడగకపోతే ఆండ్రాయిడ్ పాతదే తీసి ఇస్తుంది. అందుకని తెర ఆరిపోనివ్వకుండా, ఒక్కో గదిలో ఒక నిమిషం నిలబడి రాసుకోండి. పైన 5జీ గుర్తు ఉండి యాప్‌లో 4జీ సెల్ ఒక్కటే వస్తోందంటే మీ 5జీ 4జీని ఆసరా చేసుకుని నడిచే రకం కావచ్చు, చాలా ఫోన్లు ఆ 5జీ సెల్ నంబరు బయటపెట్టవు. రెండు సిమ్‌లుంటే యాప్ ఏ సిమ్‌ని చూపిస్తోందో ముందు సరిచూసుకోండి.

పని అయ్యాక సెట్టింగ్‌లలో లొకేషన్, దానిలో యాప్ అనుమతులు తెరిచి మొత్తం వరుస ఒకసారి చదవండి. మ్యాపు, క్యాబ్, డెలివరీ, సిగ్నల్ యాప్‌లకు తప్ప ఖచ్చితమైన లొకేషన్ అవసరమైనవి ఎన్ని ఉన్నాయో మీకే తెలుస్తుంది. వాతావరణానికి ఉజ్జాయింపు చాలు. అప్పుల యాప్‌ల సంగతి మరీ ముఖ్యం. రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులో తెచ్చి, 2025 ఆదేశాల్లోనూ కొనసాగించిన డిజిటల్ రుణాల నిబంధనల ప్రకారం అవి కాంటాక్టులు, కాల్ లాగ్, ఫైళ్లు, టెలిఫోనీ విధులు ముట్టుకోకూడదు. లొకేషన్ కూడా ఖాతా తెరిచేటప్పుడు, కేవైసీకి, స్పష్టంగా అడిగి ఒక్కసారే తీసుకోవాలి. ‘ఎల్లవేళలా’ అడుగుతోందంటే గీత దాటినట్టే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 6వ సెక్షన్ కూడా చెప్పిన పనికి అవసరమైనంత డేటాకే సమ్మతి వర్తిస్తుందంటుంది. ఒక విషయం మాత్రం కలపకూడదు. యాప్‌కి కాదన్నంత మాత్రాన మీరు ఏ టవర్ల పరిధిలో ఉన్నారో మీ టెలికాం కంపెనీకి తెలియకుండా పోదు. అది తెలియకపోతే మీకు కాలే రాదు.

ఆండ్రాయిడ్ తయారుచేసేవారిని తెలుగువాళ్లంతా గట్టిగా అడగాల్సింది ఒకటుంది. అనుమతి పెట్టెలో తెలుగులో ‘లొకేషన్’ అని ఆపేయకుండా ‘దీనితో టవర్ వివరాలు కూడా తెలుస్తాయి’ అని ఒక్క వాక్యం చేర్చాలి. మీ పత్రిక కూడా సిగ్నల్ ఫిర్యాదులు వేసేటప్పుడు, ఏ అంకెలు రాసి పంపాలో పాఠకులకు పక్కనే ఒక చిన్న పెట్టెలో అచ్చువేస్తే ఎంతో మేలు. తేదీ, సమయం, ఎన్నో అంతస్తు, ఇంటి లోపలా బయటా, సెల్ నంబరు, ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఎస్‌ఐఎన్‌ఆర్ ఇవి చాలు. ఇవన్నీ పక్కన పెట్టుకుని టెలికాం కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి చదివి వినిపించి, ఇచ్చిన డాకెట్ (ఫిర్యాదు) నంబరు రాసుకోవాలి. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీ అప్పీలు అధికారికి 30 రోజుల్లోగా వెళ్లొచ్చు. అప్పుడు ఆ డాకెట్ నంబరు అడుగుతారు.

— ఒక మొబైల్ నెట్‌వర్క్ ఇంజినీరు, మారతహళ్లి, బెంగళూరు